నీటికాకికి వాటా ఉన్నదా?

ఈశాన్య ఋతుపవనాల వానలు పడి మన నెల్లూరు తీరంలో చెరువులు, దొరువులు నిండగానే ఒక పాత తగవు కూడా మొదలవుతుంది. నీళ్లలో నిలిచిన మోడు మీద ఒక నల్లని పక్షి రెక్కలు చాపుకొని కూర్చుంటుంది. పక్షులను చూడవచ్చిన పట్నం పిల్లవాడు "ఎంత బాగుందో!" అంటాడు. అప్పు తెచ్చి చేప పిల్లలు వదిలిన రైతు "దొంగ వచ్చింది" అంటాడు. ఆ పక్షి పేరు నీటికాకి. ఇద్దరూ చూస్తున్నది ఒకే పక్షిని. ఎవరి మాట న్యాయం? ఈ వారం మీతో కలిసి ఈ ప్రశ్నను ఆలోచించాలని ఉంది. చూడడానికి చిన్న ప్రశ్నే. కాని దొంగతనం అంటే ఏమిటి, మన కష్టఫలాన్ని కాపాడుకొనే హక్కు ఎంతవరకు, ఈ నీళ్లలో మనకు తప్ప ఇంకెవరికైనా వాటా ఉన్నదా అన్న పెద్ద ప్రశ్నలు దాని వెనుక ఉన్నాయి.

ముందు ఫిర్యాదుదారు మాట విందాం. అతని బాధ ఉత్త బాధ కాదు. నీటికాకులు సాధారణంగా రోజుకు తమ బరువులో ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా చేపలు తింటాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించే చిన్న నీటికాకి అర కిలోకు అటూ ఇటూ తూగుతుంది. అంటే రోజుకు దాదాపు వంద గ్రాముల చేప దానికి కావాలి. చేప పిల్ల రెండు గ్రాములు ఉన్నదనుకోండి. ఒక్క పక్షికి రోజుకు యాభై పిల్లలు. యాభై పక్షుల గుంపు దిగితే రోజుకు రెండువేల అయిదువందల పిల్లలు. పది రోజులు చూసీ చూడనట్టు ఊరుకుంటే పాతికవేలు. ఆ పిల్లలను అతడు డబ్బు పెట్టి కొన్నాడు, తవుడూ చెక్కా పోశాడు, రాత్రిళ్లు కాపలా పడుకున్నాడు. బొచ్చె, శీలావతి పెరిగి అమ్ముడుపోతేనే వడ్డీ కట్టగలడు. అటువంటి మనిషితో "పక్షులు ఎంత అందంగా ఉన్నాయో చూడు నాయనా" అంటే అతనికి కోపం రావడంలో తప్పు లేదు.

ఇప్పుడు నిందితుని సంగతి చూద్దాం. తీర్పు చెప్పే ముందు ఎదుటి పక్షాన్ని ఎరిగి ఉండడం న్యాయస్థానపు మొదటి ధర్మం గదా.

మన దేశంలో నీటికాకులు మూడు రకాలు. చిన్న నీటికాకి, దానికంటె కొంచెం పెద్దదైన భారతీయ నీటికాకి, రెండు మూడు కిలోలు తూగే పెద్ద నీటికాకి. మూడూ మునిగి చేపలు పట్టేవే. వీటి కాలి వేళ్లు నాలుగింటినీ కలుపుతూ పొర ఉంటుంది. నీటి అడుగున ఆ కాళ్లతోనే తోసుకుంటూ పోతాయి. ముక్కు కొన కొక్కెంలా వంగి ఉంటుంది. జారిపోయే చేపను పట్టడానికి అది పనికివస్తుంది. పట్టిన చేపను నీటి పైకి తెచ్చి, మొప్పలూ ముళ్లూ గొంతులో గుచ్చుకోకుండా తల ముందుగా మింగుతాయి. ఆ మింగే లోపల కొంగలో, తోటి నీటికాకులో వచ్చి నోటి దగ్గరిది లాక్కుపోవడమూ ఉంది.

రెక్కలు చాపుకొని కూర్చోవడం దేనికంటే, ఆరబెట్టుకోవడానికి. బాతు ఈకలకు నీరు అంటదు. నీటికాకి ఈకల పై అంచులు మాత్రం తడిసిపోతాయి. ఇది సృష్టిలో లోపమా అనిపిస్తుంది. లోపం కాదు. ఈకల్లో గాలి నిలిచిపోతే పక్షి బెండులా తేలుతుంది, మునగలేదు. తడిసే ఈకలు ఉన్నందువల్లనే అది సులువుగా మునిగి వేటాడగలుగుతుంది. మునిగిన తరువాత ఎండలో ఆరక తప్పదు. దాని బలానికీ బలహీనతకూ మూలం ఒక్కటే.

ఇక దాని ఆహారం. మన తగవుకు అసలు కీలకం ఇక్కడే ఉంది. చిన్న నీటికాకి లోతు నీళ్లలో కంటె మీటరు లోపు లోతున్న చోటనే ఎక్కువగా వేటాడుతుందనీ, రెండు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల పొడవున్న చేపలను పడుతుందనీ ఉత్తర భారతంలో పరిశీలించినవారు రాశారు. మన చెరువుల్లో ఆ కొలతకు సరిపోయేవి ఏవి? పరిగెలు, చిన్న జల్లలు, మట్టగిడస పిల్లలు, ఎవరూ వదలకుండానే వచ్చి నిండిపోయిన జిలేబీ చేప పిల్లలు. వీటితో పాటు రైతు వదిలిన శీలావతి పిల్లలు కూడా. నీటికాకికి ఈ రెండింటి మధ్య తేడా తెలియదు. ఏది ఎక్కువగా, తేలికగా దొరికితే అది తింటుంది. కిలో శీలావతిని అది మింగలేదు. కనుక పెద్ద చెరువులో, పెరిగిన చేపలకు దానివల్ల వచ్చే నష్టం తక్కువ. లోతు లేని పిల్లల గుంటలో నష్టం చాలా ఎక్కువ. ఒకే పక్షి ఒకచోట నిజమైన శత్రువు, ఇంకొకచోట కలుపు చేపలను ఏరే కూలి.

ఇవి గూళ్లు పెట్టుకొనే చోటు మనకు దూరం కాదు. దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు చెరువు 1976లో పక్షుల అభయారణ్యమైంది. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారినప్పుడు ఆ ప్రాంతం నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గాని పక్షులు తమ చిరునామా మార్చుకోలేదు. అక్కడ నీళ్లలో నిలిచిన చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, రాత్రి కొంగలు, చిన్న నీటికాకులు ఒకే కొమ్మల మీద పొరుగు పొరుగున గూళ్లు కడతాయి. చెరువులు నిండి చిన్న చేపలు పుష్కలంగా దొరికే కాలానికి పిల్లలు పుట్టేలా అవి తమ కాలాన్ని అమర్చుకుంటాయి. వాన తప్పిన ఏడు గూళ్లూ తగ్గుతాయి. వాటి రెట్ట చెరువు నీటిలో కలుస్తుంది. అందులోని నత్రజని, భాస్వరం నీటిలోని సూక్ష్మజీవులకు తిండి, ఆ సూక్ష్మజీవులు చేప పిల్లలకు తిండి. ఆ నీరు పారిన పొలానికి ఎరువు. అక్కడి రైతులు ఈ లెక్క ఏ పుస్తకమూ చదవకుండానే ఎరుగుదురు. మరోవైపు చూస్తే, రెట్ట మితిమీరినచోట గూళ్లున్న చెట్లే మాడిపోవడమూ ఉంది. పక్షిని దేవతను చేయవలసిన పనీ లేదు, దయ్యాన్ని చేయవలసిన పనీ లేదు.

కాని మనుషులు చేసింది ఆ రెండే. ఆంగ్ల కవి మిల్టన్ 1667లో వెలువడిన తన మహాకావ్యంలో, ఏదెను తోటలో జీవవృక్షం మీద సాతానును నీటికాకి రూపంలో కూర్చోబెట్టాడు. ఇంకొందరు భక్తులకు అదే పక్షి చాచిన రెక్కల్లో సిలువ ఆకారం కనిపించింది. లేవీయకాండములో తినరాని పక్షుల జాబితాలోని ఒక పేరును పలు భాషల అనువాదకులు నీటికాకిగానే తీసుకున్నారు. లత్తీను భాషలో దాని పాత పేరుకు అర్థం సముద్రపు కాకి. మనం నీటికాకి అన్నాం. రెండు చోట్లా నలుపును చూసి కాకితో జతకట్టారు. పాపం, ఆ పక్షి చేస్తున్నదల్లా తడిసిన ఈకలు ఆరబెట్టుకోవడం. సాతాను, సిలువ, దొంగ అనే పేర్లన్నీ మనం ఇచ్చినవి. అవి పక్షి గురించి కంటె మన గురించే ఎక్కువ చెబుతాయి.

ఇక అసలు ప్రశ్న. నీటికాకి దొంగేనా?

సెమినరీలో తత్వశాస్త్రం నేర్చుకొనేవారికి పునీత తోమా అక్వినాసు చెప్పిన ఒక భేదం మొదట్లోనే నేర్పుతారు. జంతువు కూడా తనకు కావలసినదాన్ని చూసి దాని వైపు కదులుతుంది. ఆ మేరకు దానికీ ఒక విధమైన ఇచ్ఛ ఉంది. కాని "ఇది నా గమ్యం, దీనికి ఇది మార్గం, ఈ మార్గం తగునా తగదా" అని తూచగల బుద్ధి దానికి లేదు. తూచి ఎంచుకోగలవానికే పుణ్యమూ పాపమూ. దొంగతనమంటే పరునిది అని తెలిసి, అతని ఇష్టానికి విరుద్ధంగా తీసుకోవడం. నీటికాకికి "పరునిది" అన్న మాటే లేదు. దానికి గట్టు తెలుసు గాని సర్వే నంబరు తెలియదు. కనుక అది దొంగ కాదు, కాలేదు. ఇంతవరకు సందేహం లేదు.

అయితే ఇక్కడ ఆగిపోతే రైతుకు మనం ఇచ్చిన జవాబు సగమే. వరద కూడా దొంగ కాదు, అయినా మనం కట్ట వేస్తాం. పక్షి నిర్దోషి అయినంత మాత్రాన రైతు చేతులు కట్టుకొని కూర్చోవాలని కాదు. తన కష్టఫలాన్ని కాపాడుకోవడం అతని హక్కు. పిల్లల తండ్రి అయితే అది బాధ్యత కూడా. కతోలిక శ్రీసభ సత్యోపదేశం జంతువులను మనిషి ఆహారానికీ అవసరాలకూ వాడుకోవడం న్యాయమేనని ఒప్పుకుంటుంది. ఆ వెంటనే, అవసరం లేకుండా వాటిని బాధించడం, చంపడం మనిషి గౌరవానికే విరుద్ధమని చెబుతుంది (2417, 2418). ఈ రెండో మాటను గమనించండి. పక్షికి హాని కనుక తప్పు అని ఆగలేదు. ఆ పని చేసిన మనిషి తన స్థాయి నుంచి తాను దిగజారుతున్నాడని చెప్పింది.

అలాగైతే "అవసరం" అంటే ఎంత? ఈ విషయంలో జపాను జాలరుల దగ్గర ఒక పాఠం ఉంది. గిఫు పట్టణం దగ్గర నగారా నదిలో వెయ్యేళ్లకు పైగా నీటికాకులతో చేపలు పట్టే వృత్తి సాగుతూ ఉంది. జాలరి పక్షి మెడ మొదట్లో ఒక దారం కడతాడు. పెద్ద చేప ఆ దారం దాటి లోపలికి దిగదు, దాన్ని జాలరి తీసుకుంటాడు. చిన్న చేప మాత్రం దిగిపోతుంది, అది పక్షిది. దారం మరీ వదులైతే జాలరికి ఏమీ మిగలదు. మరీ బిగిస్తే పక్షి చస్తుంది, రేపటి నుంచి జాలరికీ ఏమీ ఉండదు. ఎంత బిగించాలో తెలియడమే ఆ వృత్తిలోని నేర్పు.

పాఠకులారా, నీతిశాస్త్రంలో చాలా ప్రశ్నలు ఈ దారం వంటివే. కట్టవచ్చునా కట్టకూడదా అన్నది తేలిక. ఎంత బిగించాలి అన్నదే కష్టం.

మన గుంటల దగ్గర ఆ దారాన్ని కట్టే పద్ధతులు ఉన్నాయి. పిల్లల గుంట చిన్నది, దాని మీద వల కప్పవచ్చు, లేదా దగ్గర దగ్గరగా తాళ్లు లాగవచ్చు. పెద్ద చెరువులో రెండంగుళాల పిల్లలను వదలడానికి బదులు, అవి పక్షి గొంతుకు మించే దాకా పిల్లల గుంటలోనే పెంచి తరువాత వదలవచ్చు. పక్షులు దిగే తెల్లవారుజామున మనిషి గట్టు మీద తిరిగితే చాలా వరకు లేచిపోతాయి. ఇవన్నీ కాపాడుకోవడం. చేపకు గుళికల మందు కుక్కి చెరువులో వేయడం కాపాడుకోవడం కాదు. ఆ మందు నీటికాకితో ఆగదు. కొంగకూ, కుక్కకూ, ఆ నీరు తాగిన గొడ్డుకూ, ఒక్కోసారి ఆడుకొనే పిల్లవానికీ చేరుతుంది. గూళ్లున్న చెట్లను నరకడమూ అంతే. తల్లిని పిల్లలతో సహా తీసుకోవద్దన్న ద్వితీయోపదేశకాండపు నియమం (22:6-7) ఎంత పాతదో చూడండి. తీసుకోవద్దని పూర్తిగా అనలేదు, వంశం నిలిచేలా తీసుకోమన్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా ఈ పక్షులను చంపడం నేరమంటుంది.

కోపంతో చంపడం వల్ల లాభమైనా ఉందా అంటే అదీ అనుమానమే. అమెరికాలో ఒంటారియో సరస్సులోని లిటిల్ గాలూ దీవిలో 1998లో కొందరు తుపాకులతో వచ్చి వందలాది నీటికాకులను కాల్చి చంపారు. తాము పట్టుకొనే బాస్ చేపలను అవి మింగేస్తున్నాయన్నది వారి కోపం. వారిలో పదిమందికి తరువాత శిక్షలు పడ్డాయి. ఆ తరువాత కొన్నేళ్లకు ఓడల్లో నింపే నీటితో పాటు గోబీ అనే పరదేశపు చిన్న చేప ఆ సరస్సులోకి వచ్చి విపరీతంగా పెరిగింది. అక్కడి నీటికాకులు 2004 తరువాత ఎక్కువగా దాన్నే తినసాగాయి. పక్షికి బాస్ మీద పగా లేదు, గోబీ మీద ప్రేమా లేదు. ఏది పుష్కలమో అదే దాని భోజనం. నీళ్లలో ఏది పుష్కలంగా ఉండాలో నిర్ణయించింది మాత్రం మనుషుల పనులే.

ఇప్పుడు మరో మెట్టు లోతుకు దిగుదాం. చెరువు ఎవరిది? వేలంపాటలో పాడుకున్నవాడు "నాది" అంటాడు. ఆ మాటలో న్యాయం ఉంది. సొంతం అన్నది లేకపోతే ఎవరూ కష్టపడరు, తగవులు పెరుగుతాయి అని అక్వినాసు కూడా ఒప్పుకున్నాడు. కాని ఆయన ఇంకో మాట చేర్చాడు. వస్తువుల స్వభావం మీద యాజమాన్యం దేవునిదే, మనిషికి ఉన్నది వాడుకొనే అధికారం. సంపాదించి నిర్వహించడంలో సొంతం ఉండవచ్చు, అనుభవించడంలో మాత్రం పదిమందిదిగా చూడాలి. చెరువు పాట పాడినవాడు కొన్నది కొన్నాళ్ల హక్కును. వానను కొనలేదు, నీటిని పుట్టించలేదు, పరిగెలకు ప్రాణం పోయలేదు.

ఈ విషయంలో నిర్గమకాండములోని ఒక నియమం (23:10-11) నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఏడో ఏట పొలాన్ని బీడుగా వదలాలి. ఎందుకంటే దానంతట అది పండినదాన్ని పేదలు తినాలి, పేదలు తినగా మిగిలినదాన్ని అడవి మృగాలు తినాలి. గమనించారా, పేదవాడినీ అడవి జంతువునూ ఒకే వాక్యంలో, ఒకే పొలం దగ్గర నిలబెట్టింది ధర్మశాస్త్రం. పేదవాడు జంతువుతో సమానమని కాదు, ముందు వాటా పేదవానిదే. కాని ఇద్దరి వాటా ఒకే చోటి నుంచి రావాలి. అంటే యజమాని "అంతా నాదే" అనకుండా చెయ్యి వెనక్కు తీసుకొన్న చోటి నుంచి.

మన చెరువుల దగ్గర ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. రైతు "కలుపు చేపలు" అనే పరిగెలు, జల్లలు ఎవరి కూర? గాలాలతో, చిన్న బుట్టలతో, ఒట్టి చేతులతో చేపలు పట్టుకొనే యానాదుల కూర. కూలి దొరకని రోజున పేద తల్లి సట్టిలో ఉడికే పులుసు. చెరువు పాటకు పోయిన తరువాత కాపలావాడు మొదట గట్టు మీది నుంచి తరిమేది ఎవరిని? నీటికాకిని, యానాది స్త్రీని. ఇద్దరినీ ఒకే కర్రతో, ఒకే మాటతో: "దొంగలు!" పక్షికి ఆ మాట తగలదు. ఆ తల్లికి తగులుతుంది.

ఈ మాట ఎంత దూరం పోగలదో మన సీమకు తెలుసు. ఆంగ్లేయుల కాలంలో 1871లో పుట్టిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది. కావలి దగ్గర ఎరుకలవారి కోసం అటువంటి సెటిల్‌మెంటు ఉండేది. హాజరు వేయించుకోనిదే ఊరు దాటడానికి లేదు. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఎంచుకొనే బుద్ధి లేని పక్షిని దొంగ అనడం తర్కానికి తప్పు, అంతే. ఎంచుకొనే బుద్ధి ఉన్న మనిషికి అవకాశమే ఇవ్వకుండా పుట్టుకను బట్టి దొంగ అనడం పాపం. మొదటిది నోటికి అలవాటైతే రెండోది తేలికవుతుంది. అందుకే ఈ పక్షి గురించి ఇంత రాస్తున్నాను.

కొందరు నాకు ఇలా బదులు చెప్పవచ్చు: "స్వామీ, నీటికాకి వల్ల కూడా లాభం ఉంది కదా, రెట్ట ఎరువు కదా, ఆ మాట చెబితే రైతు ఊరుకుంటాడు." చెప్పవచ్చు. కాని లాభం మీద నిలిచిన దయ ఎంతకాలం నిలుస్తుంది? దక్షిణ అమెరికాలో పెరూ దేశపు తీరంలో నీటికాకుల జాతి పక్షులు దీవుల నిండా ఉండేవి. పందొమ్మిదో శతాబ్దంలో వాటి రెట్ట ఎరువుగా ఐరోపాకు ఓడలకొద్దీ పోయింది. దాన్ని తవ్వడానికి తెచ్చిన చీనా కూలీలు ఆ దీవుల్లో పడిన పాట్లు చెప్పనలవి కావు. 1909లో ఆ ప్రభుత్వం ఎరువు కోసం పక్షులను కాపాడసాగింది, అవి కోట్ల సంఖ్యకు పెరిగాయి. తరువాత అవి తినే చిన్న చేపనే పట్టి పిండి చేసి పశువుల, కోళ్ల దాణాకు అమ్మడం ఎక్కువ లాభమైంది. పక్షుల నోటి కూడు ఫ్యాక్టరీలకు పోయింది. సముద్రం వేడెక్కిన ఏళ్లు, ముఖ్యంగా 1972, వచ్చినప్పుడు చేపా లేదు, పక్షీ లేదు. కోట్ల పక్షులు లక్షల్లోకి పడిపోయాయి. లాభం కోసం కాపాడినవారు ఇంకో లాభం కోసం వదిలేశారు.

పునీత అగుస్తీను తన దైవనగరం గ్రంథం పదకొండో భాగంలో ఈ మనస్తత్వాన్ని ఎంత చక్కగా పట్టుకున్నాడో చూడండి. సృష్టి క్రమంలో ప్రాణమున్నది ప్రాణం లేనిదానికంటె గొప్పది. అయినా మన ఇంట్లో ఎలుకల కంటె రొట్టె ఉండడమే మనకు ఇష్టం, నల్లుల వంటి పురుగుల కంటె డబ్బు ఉండడమే ఇష్టం. ఇది వస్తువుల స్వభావాన్ని బట్టి కట్టిన విలువ కాదు, మన అవసరాన్ని బట్టి కట్టిన వెల. ఆయన దీన్ని నేరమనలేదు, రెండు కొలతలు ఉన్నాయని గుర్తుచేశాడు. అవసరపు కొలతతో చూస్తే గుంటలో నీటికాకి నష్టం. స్వభావపు కొలతతో చూస్తే అది దేవుడు చేసిన ప్రాణి, ఉండడమే దాని స్తుతి. దివంగత పోప్ ఫ్రాన్సిస్ 2015లో ఇచ్చిన లౌదాతో సీ విశ్వలేఖలో, మన వల్ల అంతరించిన ప్రాణులు తమ ఉనికితో ఇక దేవుని మహిమపరచలేవని బాధపడింది ఈ రెండో కొలతతోనే. వివేకమంటే రెండు కొలతలూ చేత పట్టుకొని ఉండడం.

చివరగా ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. దాన్ని దాటవేయడం నాకు ఇష్టం లేదు. గుంట లేని స్వామికి, గుంట లేని పట్నవాసికి పక్షుల మీద దయ చూపడం తేలిక. దయ వీరిది, నష్టం వేరొకరిది. సువార్తలో ప్రభువు కాకులను చూడమన్నాడు, అవి విత్తవు, కోయవు, వాటికి గాదెలు లేవు, అయినా దేవుడు పోషిస్తున్నాడన్నాడు (లూకా 12:24). రైతు అడుగుతాడు: "నిజమే స్వామీ, దేవుడు పోషిస్తాడు. కాని నా ఒక్కడి గుంటలోంచే పోషించాలా?"

ఈ ప్రశ్నకు నవ్వి ఊరుకుంటే అన్యాయం. పక్షి అందరిదైతే దాని తిండి ఖర్చు కూడా అందరిదీ కావాలి. సూళ్లూరుపేటలో 2001 నుంచి పక్షుల పండుగ జరుపుతున్నారు. వేలమంది వస్తారు, చూస్తారు, ఆనందిస్తారు. చూసినవారి ఆనందంలో నుంచి ఒక చిన్న భాగమైనా పిల్లల గుంటలు తవ్వుకున్న చిన్న రైతు వల ఖర్చుకు చేరితే అది దానం కాదు, బాకీ తీర్చడం. సహకార సంఘాలు ఈ పని చేయవచ్చు, పంచాయతీలు చేయవచ్చు, మన విచారణ సంఘాలు కూడా ఒకరిద్దరితో మొదలుపెట్టవచ్చు. చిన్న రైతును ఒంటరిగా వదిలి పక్షిని ప్రేమించమనడం ధర్మబోధ కాదు.

మరో సంగతి. చిన్న పక్షి తిన్న వంద గ్రాములను లెక్కపెట్టే మనం, పెద్దల చేతుల్లో పోయినదాన్ని కూడా అంతే శ్రద్ధగా లెక్కపెట్టాలి. 1990ల మొదట్లో మన తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. 1994, 95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఎన్నో ఇళ్లను ముంచింది. జబ్బు రొయ్యను పక్షి ఒక గుంట నుంచి ఇంకో గుంటలో జారవిడిస్తే ప్రమాదమే, కాదనను. కాని జబ్బు విత్తనాన్ని కొని తెచ్చింది పక్షి కాదు, జబ్బు నీటిని కాలువలోకి వదిలింది పక్షి కాదు. తాగే నీటి బావులు ఉప్పు తేలడం గురించి సుప్రీంకోర్టు దాకా పోయినవారు పక్షి మీద కేసు పెట్టలేదు. 1996 డిసెంబరు తీర్పులో న్యాయస్థానం చిలక, పులికాట్ సరస్సులకు వెయ్యి మీటర్ల లోపల రొయ్యల సాగు వద్దన్నది. కళ్ల ముందు కూర్చున్న నల్లని పక్షిని దొంగ అనడం సులువు. కనిపించని చేతులను అడగడానికే ధైర్యం కావాలి.

కాబట్టి ప్రియ పాఠకులారా, మన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇది. నీటికాకి దొంగ కాదు. రైతు క్రూరుడూ కాదు. ఆ నీళ్లలో ఇద్దరికీ వాటా ఉంది, పేదవాని వాటా ఇద్దరి మధ్యా ఉంది. ఎంత అన్నది ఏ గ్రంథమూ తూచి ఇవ్వదు. చెరువును బట్టి, కాలాన్ని బట్టి, ఇంటి అవసరాన్ని బట్టి మనమే మనస్సాక్షితో తూచాలి. అలా తూచగల బుద్ధి పక్షికి లేదు, మనకు ఉంది. మనిషి గొప్పతనం అక్కడే ఉంది, మనిషిని లెక్క అడిగేదీ దాని గురించే.

ఈసారి మీ ఊరి చెరువు పాటకు వచ్చినప్పుడు, ఇంట్లో భార్యాభర్తలూ పిల్లలూ కలిసి కూర్చొని మూడు విషయాలు మాట్లాడుకోండి. పిల్లల గుంటకు వల ఎంత అవుతుంది? గట్టు మీద ఏ మూలను గాలాలు వేసుకొనేవారికి వదలగలం? నీళ్లలో నిలిచిన ఆ నాలుగు చెట్లను కొట్టకుండా ఉంచగలమా? ఈ మూడింటికీ జవాబు దొరికిన ఇంట్లో చేపల పులుసు తృప్తిగా తినవచ్చు.